పుట్టి, అంకణం, కౌంట్: ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌తో ఆరు నెలలు

నెల్లూరు వేదాయపాళెంలో నేనూ మా తమ్ముడూ కలిసి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయం నడుపుతున్నాము. బియ్యం మిల్లులకు, రొయ్యల కొనుగోలుదారులకు, ఇళ్ల స్థలాల వ్యాపారులకు లెక్కల ప్రోగ్రాములు రాసివ్వడం, రాసిచ్చినవాటిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండడం మా వృత్తి. 2025 జూన్ మొదటి వారంలో మేము ఒక ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌కు నెలవారీ చందా కట్టాము. నవంబరు ఆఖరుకు ఆరు నెలలు నిండాయి. ఈ ఆరు నెలల్లో దానిచేత ఏయే పనులు చేయించామో, అది ఎక్కడ మాకు గట్టి ఆసరా అయిందో, ఎక్కడ దాని మాటను యథాతథంగా నమ్మి ఉంటే మా ఖాతాదారుల డబ్బు గల్లంతయ్యేదో వివరంగా రాస్తున్నాను. మాలాంటి చిన్న కార్యాలయాలవారికి, ఈ వృత్తిలోకి రాదలచుకున్న మన జిల్లా విద్యార్థులకు ఇది ఉపయోగపడుతుందని నా ఆశ.

సేవ పేరు రాయడం లేదు. మధ్యలో రెండు నెలల పాటు వేరొక సంస్థ సేవను కూడా తీసుకుని, ఒకే పనిని రెండింటికీ ఇచ్చి పోల్చి చూశాను. ఇక్కడ చెప్పబోయే గుణదోషాలు స్వల్ప భేదాలతో రెండింటిలోనూ కనిపించాయి. పైగా ఈ సేవల వెనక పనిచేసే భాషా నమూనాలు (పాఠాన్ని చదివి జవాబు రాసే ఏఐ ప్రోగ్రాములు) కొద్ది నెలలకొకసారి మారుతున్నాయి. పేరు అలాగే ఉంటుంది, లోపలి సరుకు మారిపోతుంది. అందువల్ల పేరు మీద తీర్పు చెప్పడం కన్నా ఈ తరహా సేవ మన ప్రాంతపు పనికి ఎంతవరకు నిలబడుతుందో చెప్పడమే న్యాయంగా తోచింది.

ఇటువంటి సాధనాలను ఇంకా వాడనివారి కోసం రెండు మాటలు. 2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగదశలో బయటికి వచ్చినప్పుడు ఈ అసిస్టెంట్లు చేసిన పని, మనం రాస్తున్న వరుసకు కొనసాగింపును సూచించడం వరకే. 2025 నాటికి పద్ధతి మారింది. ఇప్పుడు పని ఏమిటో మాటల్లో చెబితే, అసిస్టెంట్ ప్రాజెక్టులోని ఫైళ్లను తానే తెరిచి చదువుతుంది, మార్పులు రాస్తుంది, టెర్మినల్‌లో టెస్టులు (జవాబు ముందే తెలిసిన లెక్కతో కోడ్‌ను సరిచూసే చిన్న పరీక్షలు) నడుపుతుంది, టెస్టు విఫలమైతే కారణం వెతికి మళ్లీ దిద్దుతుంది. దీన్ని ఏజెంట్ పద్ధతి అంటున్నారు. డేటాబేసుల వంటి బయటి సాధనాలతో ఇవి మాట్లాడుకోవడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆంద్రే కర్పతీ ‘వైబ్ కోడింగ్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. కోడ్‌ను చదవకుండానే అసిస్టెంట్ రాసినదాన్ని అంగీకరిస్తూ ముందుకు పోవడం దాని అర్థం. ఆయన ఆ మాటను వారాంతంలో సరదాగా రాసుకుని పారేసే చిన్న ప్రాజెక్టులను దృష్టిలో పెట్టుకుని అన్నారు. మా చేతిలో ఉన్నవి ఇతరుల ధాన్యం లెక్కలు, రొయ్యల లెక్కలు. ఈ తేడాను మొదటి రోజు నుంచీ మనసులో పెట్టుకున్నాము.

మేము తీసుకున్నది నెలకు 20 డాలర్ల తరగతి చందా. మా కార్యాలయానికి ఇది తేలికైన ఖర్చేమీ కాదు, మోయలేనిదీ కాదు. వాడకానికి పరిమితి ఉంటుంది. పెద్ద పని మధ్యలో ఆ పరిమితి ముగిస్తే కొన్ని గంటలు ఆగవలసి వస్తుంది. ఈ ఒక్క విషయం తప్ప ధర గురించి ఫిర్యాదు లేదు.

మొదట అప్పగించిన పని పాత ప్రోగ్రామును కొత్తదానిలోకి మార్చడం. కోవూరు వైపు ఉన్న ఒక మిల్లుకు మా నాన్నగారి స్నేహితుడొకరు ఇరవై ఏళ్ల కిందట విజువల్ బేసిక్ 6లో రాసిచ్చిన ప్రోగ్రాము ఇప్పటికీ నడుస్తోంది. ఆ భాష 1998లో వచ్చింది. దానిలో ప్రోగ్రాములు రాసే సాధనానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008 ఏప్రిల్‌తో ముగిసింది. అయినా మన జిల్లాలో మిల్లులు, ఎరువుల దుకాణాలు, చిట్‌ఫండ్ కార్యాలయాలు ఎన్నింటిలోనో నేటికీ బిల్లులు దానిలోనే పడుతున్నాయి. రాసినవారు లేరు, వివరించే కాగితాలు లేవు, మిగిలింది కోడ్ ఒక్కటే. దాన్ని పైథాన్ భాషలోకి, ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి మార్చాలి.

ఈ పనిలో అసిస్టెంట్ చూపిన నేర్పును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. పాత ఫారాలను ఒక్కొక్కటిగా చదివి, ఏ బటన్ నొక్కితే ఏ పట్టికలో ఏమి మారుతుందో తెలుగులో వివరణ రాసిపెట్టమన్నాను. రాసింది, అందులో చాలా భాగం సరిగ్గా ఉంది. విజువల్ బేసిక్‌లో కరెన్సీ అనే రకం ఉంటుంది. దశాంశ బిందువు తరువాత నాలుగు స్థానాలను అది ఖచ్చితంగా నిలుపుకుంటుంది. ఆ అంకెలను కొత్త భాషలోని సాధారణ ఫ్లోట్ అనే ఉజ్జాయింపు రకంలోకి మారిస్తే పైసల దగ్గర లెక్క చెడుతుందని, డెసిమల్ అనే ఖచ్చితమైన రకం వాడాలని అది తనంతట తానే గుర్తించి చెప్పింది. పాత కోడ్‌లో పద్నాలుగు చోట్ల ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ అనే వరుస ఉంది; తప్పు జరిగినా పట్టించుకోకుండా తరువాతి వరుసకు వెళ్లిపొమ్మని దాని అర్థం. ఆ పద్నాలుగింటిలో రెండు చోట్ల నిజంగానే తప్పులు దాగి ఉన్నాయని, తరుగు లెక్కలో సున్నాతో భాగహారం జరిగినప్పుడు ముందటి లారీ విలువే మళ్లీ నమోదవుతోందని చూపించింది. అది ఇరవై ఏళ్లుగా ఎవరి కంటా పడని దోషం. ఒక మనిషి వారం రోజులు కూర్చుని చదివితే తప్ప అది దొరికేది కాదు.

తరువాతి పని తెలుగుకు సంబంధించినది. దీని గురించి కాస్త విస్తరించి రాయాలి, ఎందుకంటే ఇంగ్లీషులో వచ్చే సమీక్షలు ఈ వైపు చూడవు. పాత ప్రోగ్రాములో రైతుల పేర్లు, ఊళ్ల పేర్లు యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకూ ఉమ్మడిగా సంకేతాలిచ్చే నేటి పద్ధతిలో లేవు. ఆనాటి డీటీపీ (అచ్చు పనుల) ఖతుల, అంటే ఫాంట్ల, సంకేతాల్లో ఉన్నాయి. ఆ ఖతుల్లో అక్షరం కంటికి కనిపించే ముక్కల వరుసలో నిల్వ అవుతుంది. ‘క్రి’ అని రాయాలంటే ముందు ‘కి’ ముక్క, ఆ తరువాత ర వత్తు. యూనికోడ్‌లో వరుస వేరు: కకారం, పొల్లు గుర్తు, రకారం, చివర గుడి. అంటే ప్రతి సంయుక్తాక్షరంలోనూ అచ్చు గుర్తును ఊడదీసి వత్తుకు అవతల పెట్టాలి. రెండు వత్తులున్న ‘స్త్రీ’ వంటివాటిలో మరింత జాగ్రత్త కావాలి.

అసిస్టెంట్ మొదటి ప్రయత్నంలో సంకేతానికి సంకేతం మార్చే పట్టిక మాత్రమే రాసింది. ‘క్రిష్ణాపురం’ అనే మాట గుర్తుపట్టలేని స్థితిలో వచ్చింది. వరుస మారాలన్న సూత్రాన్ని నాలుగు ఉదాహరణలతో చెప్పిన తరువాత, ఒక్క పూటలో శుభ్రమైన కోడ్ రాసింది. నేనే రాసి ఉంటే నాలుగైదు రోజులు పట్టేది. ఇదే సందర్భంలో, ఇటువంటి మార్పిడికి సిద్ధంగా ఒక లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన, మనం దించుకుని వాడుకోగల కోడ్) ఉందని చెప్పి ఒక పేరు కూడా ఇచ్చింది. ఆ పేరుతో ఏ లైబ్రరీ లేదు. భాషా నమూనాలు లేని లైబ్రరీల పేర్లు చెప్పడం పరిశోధకులు గుర్తించిన సమస్యే. అటువంటి పేర్లనే ముందుగా నమోదు చేసి, వాటిలో హానికరమైన కోడ్ పెట్టే మోసగాళ్లు ఉండవచ్చునన్న హెచ్చరిక కూడా ఉంది. ఆనాటి నుంచి మా అనుమతి లేకుండా కొత్త లైబ్రరీ ఏదీ దించుకోరాదన్న నియమం పెట్టాము.

అక్షరాల లెక్క ఇంకొక మెలిక. మిల్లు రసీదులో ఊరి పేరుకు ఇన్ని అక్షరాల చోటు అని ఉంటుంది. ‘క్షేత్రం’ అనే మాట కంటికి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో అది 8 సంకేతాలు, యూటీఎఫ్-8లో (యూనికోడ్ సంకేతాలను దాచే పద్ధతి) నిల్వ చేస్తే 24 బైట్లు. పైథాన్‌ను దాని పొడవు అడిగితే 8 అంటుంది. అసిస్టెంట్ ఆ 8ని నమ్మి రసీదులో ఖాళీలు సర్దింది; వరుసలన్నీ వంకరపోయాయి. మనిషి చూసే అక్షరాన్ని యూనికోడ్‌వారు గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 సంచికకు ముందు, నియమాల ప్రకారం ‘క్షేత్రం’ నాలుగు ముక్కలయ్యేది: క్, షే, త్, రం. ఆ సంచికలో తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదన్న నియమం చేరింది. దానితో మన కంటికి కనిపించే రెండు అక్షరాలు కంప్యూటర్‌కు కూడా రెండే అయ్యాయి. తెలుగు చదివేవారికి ఇది ఎంత ముఖ్యమైన మార్పో చెప్పనక్కరలేదు. కానీ మనం వాడే లైబ్రరీ ఏ యూనికోడ్ సంచికను అనుసరిస్తోందో చూసుకోవాలి. అసిస్టెంట్‌ను అడిగినప్పుడు అది పాత నియమాన్నే చెప్పింది. కొత్త నియమం పాఠాన్ని ముందు పెట్టిన తరువాత ఒప్పుకుని దిద్దింది. ఇంత పెద్ద పరిశ్రమలో మన లిపి ఎంతకాలం వెనుక వరుసలో ఉందో తెలియడానికి ఇంకొక సంగతి చాలు: 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, దాన్ని సరిచేయడానికి ఆపిల్ ప్రత్యేకంగా ఐఓఎస్ 11.2.6 సంచిక విడుదల చేయవలసి వచ్చింది.

చివరికి రసీదు ముద్రణకు మేము ఎంచుకున్న మార్గం, వరుసను బొమ్మగా గీసి ప్రింటర్‌కు పంపడం. 80 మిల్లీమీటర్ల కాగితపు థర్మల్ ప్రింటర్‌లో అడ్డంగా 576 చుక్కలు పడతాయి. అక్షరాలు లెక్కించే బదులు చుక్కలు లెక్కిస్తే గొడవ ఉండదు. ఈ ఆలోచన అసిస్టెంట్‌దే. దానికి ఆ గౌరవం దక్కాలి.

పేర్ల వెతుకులాటలోనూ ఒక మంచి పని చేసింది. ‘సుధాకర్‌రెడ్డి’ అనే పేరులో ర్ తరువాత కంటికి కనిపించని విభజన గుర్తు ఒకటి ఉంటుంది. ఒక గుమాస్తా ఆ గుర్తుతో, ఇంకొక గుమాస్తా ఖాళీ వదిలి టైపు చేస్తే, కంప్యూటర్ దృష్టిలో వారిద్దరూ వేర్వేరు రైతులు. ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో వెతుక్కోవలసి వస్తుంది. వెతికేటప్పుడు ఆ గుర్తును, ఖాళీని లెక్కలోకి తీసుకోని ఏర్పాటును అరగంటలో రాసింది. అంతకుముందు రెండుగా నమోదైన ఖాతాల జాబితాను కూడా తీసిచ్చింది.

తెలుగులో అడగవచ్చునా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. నిస్సంకోచంగా అడగవచ్చు. ఒకప్పుడు ఇది ఖరీదైన వ్యవహారం. భాషా నమూనాలు పాఠాన్ని టోకెన్లు అనే ముక్కలుగా కోసి చదువుతాయి, తెలుగు వాక్యానికి చాలా ఎక్కువ ముక్కలయ్యేవి. 2024 మే నెలలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలో, ఒకే తెలుగు పాఠానికి పాత పద్ధతిలో 159 టోకెన్లు అయితే కొత్త పద్ధతిలో 45 సరిపోయాయి. టోకెన్లు తగ్గితే వాడకం పరిమితి త్వరగా కరగదు, సంభాషణలో ముందు చెప్పినవి ఎక్కువసేపు దాని దృష్టిలో ఉంటాయి. మేము పని వివరాలన్నీ తెలుగులోనే ఇచ్చాము, జవాబులు కూడా తెలుగులోనే తీసుకున్నాము. దాని తెలుగు కొన్నిచోట్ల అనువాదంలా బిగుసుకుపోయి ఉంటుంది, కానీ భావం చెడదు.

ఇక అసలైన విషయానికి వస్తున్నాను. ఆరు నెలల్లో మాకు ఎదురైన ప్రమాదకరమైన తప్పులు ప్రోగ్రామింగ్‌కు సంబంధించినవి కావు. అవి మన ఊరి మాటల అర్థానికి సంబంధించినవి.

మొదటిది పుట్టి. మన నెల్లూరు మిల్లుల్లో పుట్టి అంటే 850 కిలోలు. అసిస్టెంట్‌ను మేము ఏమీ చెప్పకుండా పుట్టి ధర నుంచి క్వింటాల్ ధర తీసే ఫంక్షన్ (ఒక లెక్క చేసే చిన్న కోడ్ భాగం) రాయమన్నాము. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు అని పాత కొలమానం చక్కగా వల్లించింది. ఆ పట్టిక తప్పు కాదు, నిఘంటువులో ఉన్నదే. కానీ అక్కడి నుంచి కిలోల్లోకి వచ్చేసరికి ఒక రోజు ఒక అంకె, మరో రోజు మరో అంకె వేసింది. రెండూ 850 కావు. పరీక్షకు మేము పెట్టుకున్న లెక్క సులువైనది: 2025-26కు గ్రేడ్ ఎ ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కు 2,389 రూపాయలు, కాబట్టి పుట్టికి 20,306 రూపాయల 50 పైసలు రావాలి. ఈ ఒక్క అంకెను టెస్టుగా రాసి పెట్టిన తరువాత మళ్లీ ఆ తప్పు దొర్లలేదు.

రెండవది అంకణం. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు 36. ఇంటి స్థలాల వ్యాపారి ఒకరి కోసం రాసిన ప్రోగ్రాములో అసిస్టెంట్ ఏ ప్రశ్నా వేయకుండా 36 తీసుకుంది. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న స్థలం మనకు 25 అంకణాలు. ప్రోగ్రాము 50 చూపించింది. అంకణం ధరతో గుణిస్తే స్థలం విలువ రెట్టింపు అవుతుంది. వ్యాపారి చూడగానే పట్టుకున్నారు గనుక నష్టం జరగలేదు. ‘ఏంది నాయనా, నా స్థలాన్ని తిరుపతికి తీసకబోయినావే’ అన్నారాయన. నన్ను బాధించినది తప్పు జరగడం కన్నా, అనుమానం కలగవలసిన చోట అది అనుమానపడకపోవడం. రెండు అర్థాలున్న మాట ఎదురైనప్పుడు ఏ ప్రాంతపు అంకణం అని అడగడం మంచి గుమాస్తా లక్షణం. ఆ లక్షణం దీనికి ఇంకా పూర్తిగా అబ్బలేదు.

మూడవది కౌంట్, అన్నిటికన్నా లోతైన పాఠం ఇదే. రొయ్యల వ్యాపారంలో కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న సంఖ్య. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య, 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య. కౌంట్ తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాలను 50 శాతానికి పెంచిన తరువాత ధరలు నిలకడ తప్పాయి. అందువల్ల ఇందుకూరుపేట వైపు రొయ్యలు కొనే ఒక ఖాతాదారు, ఉదయం ధర మారిస్తే మధ్యాహ్నం పట్టుబడికి (గుంటలో రొయ్యలు పట్టే వేళకు) అది గుంట దగ్గరే ఫోనులో కనిపించేలా ప్రోగ్రాము కావాలన్నారు. ఆయన పద్ధతిలో మధ్య కౌంట్లకు ధరను రెండు మెట్ల నడుమ సమంగా పంచుతారు. 40 కౌంట్‌కు 400 రూపాయలు, 50 కౌంట్‌కు 350 అనుకుంటే, 46 కౌంట్ సరుకుకు 370 రావాలి.

అసిస్టెంట్ రాసిన కోడ్ మెట్లను చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యకు పేర్చి, ధర కూడా అదే దిశలో పెరుగుతుందన్న ఊహతో నడిచింది. 46 కౌంట్‌కు 380 చూపింది. అంకె నమ్మదగినట్టే ఉంది, కిలోకు తేడా పది రూపాయలే. కానీ రెండు టన్నుల పట్టుబడిలో అది 20,000 రూపాయలు. అంతకన్నా ఆందోళన కలిగించిన విషయం, ఆ ఫంక్షన్‌కు అసిస్టెంట్ తానే ఆరు టెస్టులు రాసింది, ఆరూ పచ్చగా నెగ్గాయి. టెస్టులు రాసినదీ, కోడ్ రాసినదీ ఒకే తప్పు ఊహ. తన తప్పుకు తానే సాక్ష్యం చెప్పినట్టయింది. గుంట దగ్గర కాటా వేసే మనిషికి ఈ అంకెలు చూపిస్తే, ‘మధ్య కౌంట్‌కు అంత రేటు యాడిదన్నా’ అని ఒక్క క్షణంలో తేల్చేశాడు.

ఆనాడు మా పని పద్ధతిని మార్చుకున్నాము. ఏ లెక్కకైనా ముందు ఖాతాదారు దగ్గర కూర్చుని, ఆయన చేతిరాతతో ఉన్న పాత పుస్తకం నుంచి పది నిజమైన లెక్కలు తీసుకుంటాము. వాటిని మేమే టెస్టులుగా రాస్తాము. ఆ ఫైలును ముట్టుకునే అనుమతి అసిస్టెంట్‌కు ఇవ్వము. ఆ తరువాతే కోడ్ రాయమంటాము. ఇలా చేసిన నాటి నుంచి లెక్కల తప్పుతో ఖాతాదారు నుంచి ఒక్క ఫోను రాలేదు.

ఇంకొక మార్పు మరింత మేలు చేసింది. ఈ అసిస్టెంట్లు ప్రతి పని మొదలు పెట్టేటప్పుడు చదువుకునే సూచనల ఫైలు ఒకటి ప్రాజెక్టులో ఉంచవచ్చు. చాలామంది అందులో కోడ్ శైలి గురించి రాస్తారు. మేము మన వ్యాపార భాషను రాశాము, అదీ తెలుగులో. పుట్టి అంటే 850 కిలోలు. అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఎకరాకు 605 అంకణాలు. కౌంట్ తగ్గితే ధర పెరుగుతుంది. తరుగు ఎప్పుడు తీస్తారు, తేమ ఎంత దాటితే ఎంత కోస్తారు, హమాలీ కూలి ఎవరి ఖాతాలో పడుతుంది, ఇవన్నీ ఒక్కొక్క వాక్యంలో. ఏ మాటకైనా రెండు అర్థాలు తోస్తే ఆగి అడగమని చివర రాశాము. తప్పులు పూర్తిగా పోయాయని అనను. సంభాషణ బాగా పొడుగైనప్పుడు ఈ సూచనల్లో ఒకటీ అరా జారవిడవడం చూశాను, అందుకే ఒక పని ముగియగానే కొత్త సంభాషణ మొదలుపెడతాము. కానీ జూన్‌లో చూసిన అసిస్టెంట్‌కు, ఈ ఫైలు చదివిన తరువాతి అసిస్టెంట్‌కు పోలిక లేదు.

కాలం ఎంత ఆదా అయిందన్న ప్రశ్నకు జాగ్రత్తగా జవాబు చెప్పాలి. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025 జూలైలో ఒక అధ్యయనం వెలువరించింది. తమ ప్రాజెక్టుల్లో అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ బహిరంగంగా ఉంచే) డెవలపర్లు చేసిన 246 పనుల్లో, ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని ముగిసిన తరువాత కూడా వారు తమకు 20 శాతం ఆదా అయిందనే నమ్మారు. ఇది చదివిన నాటి నుంచి నేను ప్రతి పనికీ గడియారం చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. మా అనుభవం రెండు పాయలుగా ఉంది. ఎవరో రాసిన పాత కోడ్‌ను అర్థం చేసుకోవడంలో, సంకేతాల మార్పిడి వంటి ఒక్కసారి చేసే పనుల్లో రోజులు గంటలయ్యాయి. మేమే రాసి పదేళ్లుగా చూసుకుంటున్న ప్రోగ్రాములో చిన్న మార్పుల విషయంలో మాత్రం ఆదా లేదు. అది రాసినదాన్ని చదివి సరిచూసే సమయం కలిపితే, కొన్నిసార్లు నేనే రాసుకున్నా అంతే పట్టేది. ఇది తెలిశాక రెండో రకం పనులను దానికి ఇవ్వడం మానేశాము.

ఖాతాదారుల వివరాల విషయంలో రాజీ పడరాదు. రైతుల పేర్లు, ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న డేటాబేస్‌ను దేశం అవతల ఉన్న సర్వర్‌కు పంపే హక్కు మనకు లేదు; 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉన్నా లేకపోయినా అది నమ్మకానికి సంబంధించిన విషయం. మేము కల్పిత పేర్లతో నమూనా డేటాబేస్ ఒకటి తయారుచేసి అసిస్టెంట్‌కు దాన్నే ఇచ్చాము. అసలు డేటాబేస్ ఉన్న కంప్యూటర్‌లో దాన్ని ఏనాడూ తెరవలేదు. ఏజెంట్ పద్ధతిలో అది ఫైళ్లను తుడిచివేసే ఆదేశాలు కూడా ఇవ్వగలదు కనుక, ప్రతి ఆదేశానికీ అనుమతి అడిగే అమరికను మార్చలేదు. విసుగు కలిగించే మాట నిజమే, కానీ ఆ విసుగును భరించడమే మంచిది.

2025 అక్టోబరు ఆఖరులో మొంథా తుఫాను వానలకు మా వీధిలో రెండు రోజులు ఇంటర్నెట్ లేదు. ఆ రెండు రోజులూ ఈ సేవ లేనట్టే. అప్పుడు ఎవరైనా ఉచితంగా దించుకుని సొంత కంప్యూటర్‌లో నడుపుకోగల ఒక బహిరంగ నమూనాను ప్రయత్నించాము. 700 కోట్ల పరామితులు (నమూనా లోపలి అంకెలు) ఉన్న నమూనాను, ఒక్కో అంకెకు 4 బిట్ల చోటు సరిపోయేలా కుదిస్తే నాలుగైదు జీబీ మెమరీలో ఇముడుతుంది. మా 16 జీబీ యంత్రంలో నెమ్మదిగా అయినా నడిచింది. చిన్న ఫంక్షన్లు రాయడానికి, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) ప్రశ్నలకు పనికివచ్చింది. తెలుగులో ఇచ్చిన సూచనలను మాత్రం సరిగ్గా పట్టుకోలేకపోయింది. డేటా బయటికి పోదన్న ఒక్క కారణం చేత దాన్ని అట్టిపెట్టుకున్నాము.

మన ఒంగోలు, కావలి, నెల్లూరు ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు ఈ చందా కట్టాలా అంటే, మొదటి రెండేళ్లు వద్దని నా అభిప్రాయం. 46 కౌంట్‌కు 380 వచ్చినప్పుడు అది తప్పని పట్టుకోవాలంటే ఆ ఫంక్షన్‌ను వరుస వెంట వరుస చదివే ఓపిక, కాగితం మీద లెక్క వేసే అలవాటు ఉండాలి. అవి చేత్తో కోడ్ రాస్తేనే వస్తాయి. ఆ తరువాత తప్పకుండా వాడండి. చదవగలిగినవారికి ఇది గొప్ప సాధనం. చదవలేనివారి చేతిలో ఇది వారికి తెలియకుండానే ఇతరుల డబ్బును తారుమారు చేయగలదు. మాలాంటి ఇద్దరు ముగ్గురు మనుషుల కార్యాలయాలు మాత్రం ఒక చందా తీసుకోవడంలో ఆలస్యం చేయవద్దు. రెండు సేవలు అక్కరలేదు. పాత ప్రోగ్రాములను బతికించే పని మన జిల్లాలో ఎంతో మిగిలి ఉంది, అది చేసే చేతులు తక్కువ.

మేము డిసెంబరుకు చందా కొనసాగించాము. సూచనల ఫైలు ఇప్పుడు నాలుగు పేజీలయింది. తెలుగులో ఉంది కనుక కిందటి వారం దాన్ని అచ్చు తీసి కోవూరు మిల్లుకు తీసుకువెళ్లాను. అక్కడ ముప్పై ఏళ్లుగా లెక్కలు చూస్తున్న పెద్దాయన కళ్లజోడు సవరించుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. ప్రోగ్రాము ఏమి చేస్తుందో ఇన్నేళ్లలో ఎవరూ తనకు కాగితం మీద చూపలేదన్నారు. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగి, తరుగు గోతాల బరువు తీసేసిన తరువాత లెక్కించాలని, మేము ముందే లెక్కిస్తున్నామని చెప్పి, పెన్నుతో కొట్టివేసి పక్కన సరైన వాక్యం రాశారు. ఆ సాయంత్రమే ఫైలులో ఆయన వాక్యాన్ని అదే మాటలతో ఎక్కించి, ఆయన చెప్పిన లారీ లెక్కను టెస్టుగా చేర్చి, అసిస్టెంట్‌కు పని అప్పగించాము.